వందన సమర్పణ
(బిషప్ వేదనాయగం శామ్యూల్ అజరయ్య జీవిత రేఖలు)

మన కాలేజీలో ఏ సభ జరిగినా కార్యక్రమంలో చిట్టచివరి అంశం వందన సమర్పణ. అధ్యక్షోపన్యాసం అయిపోతుంది, బహుమతి ప్రదానం అయిపోతుంది. ఇక యూనియన్ సెక్రటరీ చేతిలో చీటీతో మైకు దగ్గరకు వచ్చేసరికి వెనక వరుసల వాళ్లు లేచి తలుపు వైపు నడుస్తూ ఉంటారు. ముఖ్య అతిథికి, ప్రిన్సిపాల్ గారికి, షామియానా వేసినవాళ్లకు, మైకు పెట్టినవాళ్లకు పేరుపేరునా కృతజ్ఞతలు చెప్పడం పూర్తయ్యేటప్పటికి హాల్లో మిగిలేది కుర్చీలూ, ఆ కుర్చీలు సర్దేవాళ్లూను. కృతజ్ఞత అంటే మనకు అలవాటైన అర్థం ఇంతే. పని అయిపోయాక చెప్పే నాలుగు మర్యాద మాటలు.

ఒకానొక వందన సమర్పణ మాత్రం ఇట్లా జరగలేదు. అది 1910 జూన్ నెలలో, స్కాట్లండ్ దేశపు ఎడింబరో నగరంలో జరిగింది. మాట్లాడినవాడు తమిళనాట ఒక కుగ్రామంలో పుట్టి, తెలుగునాట డోర్నకల్‌లో స్థిరపడ్డ ముప్ఫై అయిదేళ్ల యువకుడు. ఆయన కృతజ్ఞతలు చెప్పాడు, మనసారా చెప్పాడు. ఆ తర్వాత ఇంకొక మాట కూడా చెప్పాడు. దానితో వినేవారిలో కొందరికి కోపం వచ్చింది, కొందరికి సిగ్గు వేసింది. నూరేళ్లు దాటినా ఆ ప్రసంగాన్ని గురించి చరిత్రకారులు ఇంకా రాస్తూనే ఉన్నారు. ఆ యువకుడే వేదనాయగం శామ్యూల్ అజరయ్య. విద్యార్థుల మధ్య పనిచేస్తూ జీవితం మొదలుపెట్టి, భారతీయులలో మొట్టమొదటి ఆంగ్లికన్ బిషప్‌గా పేరు పొందిన మనిషి. డిగ్రీ చేతికి రాని విద్యార్థి కూడా. అందుచేత మన సంచికలో ఆయనకు చోటు ఉండడం న్యాయం.

అజరయ్య గారు 1874 ఆగస్టు 17న అప్పటి తిరునల్వేలి జిల్లాలోని వెళ్లాలన్‌విళై గ్రామంలో పుట్టారు. ఇప్పుడది తూత్తుక్కుడి జిల్లాలో ఉంది. తండ్రి థామస్ వేదనాయగం ఆ ఊరి గురువు. తల్లి ఎల్లెన్. చాలా ఏళ్లు ఎదురుచూసిన తర్వాత పుట్టిన మగబిడ్డ కాబట్టి, బైబిల్లో మొక్కుకుని బిడ్డను కన్న తల్లి కథ గుర్తు చేసుకుని శామ్యూల్ అని పేరు పెట్టుకున్నారు. పుట్టుకలోనే ఒక మొక్కుబడి ఉందన్న మాట. వారిది నాడార్ కులం. పందొమ్మిదవ శతాబ్దంలో ఆ కులం వారు ఎన్ని అవమానాలు పడ్డారో దక్షిణాది చరిత్ర చదివినవారికి తెలుసు. తాటిచెట్లు ఎక్కి బతికిన కుటుంబాలు మిషన్ బడుల మూలంగా ఒక్క తరంలో పలకా బలపం పట్టాయి. ఆ బడి పెట్టినవాళ్లు సముద్రాలు దాటి వచ్చిన పరాయివాళ్లు. ఆ ఋణం అజరయ్య గారు చివరి దాకా మరిచిపోలేదు. ఋణగ్రస్తుడనని తలవంచుకునీ బతకలేదు. ఆయన జీవితంలోని బిగువంతా ఈ రెండు వాక్యాల మధ్యనే ఉంది.

1889లో తండ్రి పోయాడు. తల్లి గట్టి మనిషి. క్రమశిక్షణ అంతా ఆమె దగ్గరే నేర్చాడంటారు. మెంజ్ఞానపురంలో మిషన్ బోర్డింగు స్కూల్లో చదివేటప్పుడు పిల్లలు కులాలవారీగా విడివిడిగా మసలడం ఆ కుర్రవాడికి కంటగింపయింది. అందరూ ఒకే దేవుణ్ణి ప్రార్థిస్తున్నారు, ఒకే పంతులు దగ్గర పాఠం వింటున్నారు, కాని కులం దగ్గరికి వచ్చేసరికి ఎవరి గీత వాళ్లది. ఆ గీత చెరపడానికి స్నేహితులతో కలిసి అక్కడ ఒక చిన్న సంఘం పెట్టాడు. హైస్కూలు పిల్లలు పెట్టుకున్న సంఘమే కదా అని తీసిపారేయడానికి వీల్లేదు. తరువాత నలభై ఏళ్లలో ఆయన చేసిన పెద్ద పనులన్నిటికీ నమూనా ఆ బడి సంఘంలోనే ఉంది.

అక్కడినుంచి తిరునల్వేలి, అటుపైన మద్రాసు క్రిస్టియన్ కాలేజీ. ఆ రోజుల్లో ఆ కాలేజీ తాంబరంలో లేదు. జార్జిటౌన్‌లో, హైకోర్టుకు ఎదురుగా, బజారు రద్దీ మధ్యన ఉండేది. డాక్టర్ విలియం మిల్లర్ ప్రిన్సిపాల్. దక్షిణ దేశం నలుమూలల నుంచీ తమిళ, తెలుగు, మలయాళ, కన్నడ విద్యార్థులు వచ్చి అక్కడ చదివేవారు. తరువాతి కాలంలో వై.ఎం.సి.ఏ. నాయకుడిగా, గ్రామ పునర్నిర్మాణ కార్యకర్తగా పేరు తెచ్చుకున్న కె.టి. పాల్ అక్కడ అజరయ్యకు స్నేహితుడయ్యాడు. అజరయ్య చదివింది గణితం. అయితే సరిగ్గా ఆఖరి పరీక్షల ముందు పెద్ద జబ్బు చేసింది. డిగ్రీ రాలేదు. మళ్లీ కట్టి పాసయి ఏ గుమాస్తా ఉద్యోగమో సంపాదించుకుని ఉండవచ్చు. ఆయన ఆ దారి పట్టలేదు. 1895లో, ఇరవై ఒకటో ఏట, వై.ఎం.సి.ఏ.లో చేరాడు. పరీక్ష తప్పిన మిత్రులెవరైనా ఈ వ్యాసం చదువుతూ ఉంటే ఒక్క ముక్క ఇక్కడే చెప్పేస్తాను. 1920లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం ఈ బి.ఏ. లేని విద్యార్థికే గౌరవ డాక్టరేటు ఇచ్చి సత్కరించింది.

వై.ఎం.సి.ఏ. అంటే ఇప్పుడు మనకు హాస్టలు, టేబుల్ టెన్నిస్ బల్ల, బాస్కెట్‌బాల్ కోర్టు గుర్తుకొస్తాయి. ఆనాడు అది విద్యార్థులలో ఒక ఉద్యమం. 1890లో మద్రాసులో డేవిడ్ మెకానహీ అనే అమెరికన్ దాన్ని నెలకొల్పాడు. 1895లో స్వీడన్‌లో ప్రపంచ విద్యార్థి క్రైస్తవ సమాఖ్య పుట్టింది. దాని వెనుక ఉన్న జాన్ ఆర్. మాట్ కాలేజీ కాలేజీకీ తిరుగుతూ ఆ ఏడాది చివర మన దేశానికి కూడా వచ్చాడు. ఆ పని చూడ్డానికి చాలా మామూలుగా ఉండేది. పల్లెనుంచి కొత్తగా పట్నానికి వచ్చి, గదిలో దిగులుగా కూర్చున్న కుర్రవాణ్ణి వెతుక్కుంటూ ఎవరో ఒకరు వెళ్లాలి. నలుగురైదుగురు కలిసి చదువుకోవాలి, కలిసి ప్రార్థన చేసుకోవాలి, కలిసి తినాలి. సెలవుల్లో శిబిరాలు. ఆదివారాలు పేటల్లో, పల్లెల్లో పని. ఆరు నెలలు సహవాసం చేస్తే వారు వీరవుతారని మన పెద్దలన్నారు కదా. తెలుగు క్రైస్తవులు వాడే సహవాసమనే మాట కూడా అదే. ఆ సహవాసాన్ని కట్టడమే అజరయ్య గారి ఉద్యోగం. పద్నాలుగేళ్లు దక్షిణ దేశమంతా రైళ్ల మీద, ఎడ్లబండ్ల మీద తిరిగి ఆ పని చేశాడు.

1898లో పెళ్లి. భార్య అన్బు మరియమ్మాళ్ శామ్యూల్. దక్షిణాదిలో కాలేజీ చదువు చదివిన తొలి క్రైస్తవ స్త్రీలలో ఆమె ఒకరు. ఆమె సంగతి మళ్లీ వస్తుంది.

ఈ కాలంలోనే ఆయన జీవితంలోకి షేర్వుడ్ ఎడ్డీ వచ్చాడు. యేల్‌లో చదివి, సొంత డబ్బుతో 1896లో ఇండియాకు వచ్చిన అమెరికన్ యువకుడు. తమిళం నేర్చుకుని ఊళ్లు తిరిగేవాడు. వీళ్లిద్దరూ కలిసి ప్రయాణాలు చేశారు, కలిసి తిన్నారు, ఒకరి తప్పులు ఒకరు మొహమాటం లేకుండా చెప్పుకున్నారు. తెల్లవాళ్ల బంగళా వరండా దాటి లోపలికి భారతీయ పాస్టరును పిలవని రోజులవి. అటువంటి రోజుల్లో ఒక దొర, ఒక నల్లవాడు సమానంగా స్నేహితులు కాగలరని అజరయ్య పుస్తకాల్లో చదివి తెలుసుకోలేదు. అనుభవించి తెలుసుకున్నాడు. పదేళ్ల తరువాత ఎడింబరోలో ఆయన ఏది అడిగాడో దాన్ని అప్పటికే ఒకసారి రుచి చూసి ఉన్నాడు. అది లభ్యమయ్యే వస్తువేనని తెలిసినవాడు కాబట్టే అడగ్గలిగాడు.

1902లో ఆయన జాఫ్నా వెళ్లాడు. అక్కడి తమిళ క్రైస్తవులు తమ సొంత చందాలతో, పొరుగువాళ్ల మధ్య పనిచేయడానికి తమవాళ్లను పంపుతున్నారు. అది చూసి ఆయన మనసు కలత పడింది. తిరునల్వేలి క్రైస్తవ సంఘం అప్పటికి నూరేళ్ల పైబడినది. బడులు, ఆసుపత్రులు, గుళ్లు అన్నీ విదేశాల నుంచి వచ్చిన డబ్బుతో కట్టినవే. నూరేళ్లు పుచ్చుకున్నాం, మనం ఎవరికి ఇచ్చాం? ఈ ప్రశ్న ఆయన్ని నిద్రపోనివ్వలేదు. కృతజ్ఞత అంటే ఇచ్చినవాడికి తిరిగి ఇచ్చెయ్యడం కాదనీ, మనకు ఏమీ ఇవ్వని మూడోవాడికి ఇవ్వడమనీ ఆయనకు జాఫ్నాలో తట్టినట్టుంది. తిరిగి వచ్చి మిత్రులతో కలిసి 1903 ఫిబ్రవరి 12న తిరునల్వేలి ఇండియన్ మిషనరీ సొసైటీ స్థాపించాడు. నియమం ఏమిటంటే పని చేసేవాళ్లూ భారతీయులే, డబ్బూ భారతీయులదే. 1905 క్రిస్మస్ రోజున బెంగాల్‌లోని శ్రీరాంపూర్‌లో, విలియం కేరీ పేరుతో ముడిపడ్డ ఆ ఊళ్లోనే, దేశమంతటికీ కలిపి నేషనల్ మిషనరీ సొసైటీ పుట్టింది. దానికి మొదటి ప్రధాన కార్యదర్శి అజరయ్య. వందేమాతరం ఉద్యమం దేశాన్ని ఊపుతున్న సంవత్సరమది. స్వదేశీ గాలి చర్చిలోకి కూడా వీచిందనుకుంటే తప్పులేదు. 1907లో జపాన్ రాజధాని టోక్యోలో ప్రపంచ విద్యార్థి క్రైస్తవ సమాఖ్య సభలు జరిగితే దానికీ హాజరయ్యాడు.

తిరునల్వేలి సంఘం తన పనికి ఎంచుకున్న చోటు నిజాం రాష్ట్రంలోని డోర్నకల్ ప్రాంతం. అప్పటికి అదొక రైల్వే జంక్షన్, చుట్టూ అడవి, మలేరియా. సింగరేణి బొగ్గు పోయే దారి. ఈనాడు మహబూబాబాద్ జిల్లా. తమిళుల దృష్టిలో అది పరదేశమే. భాష వేరు, రాజ్యం వేరు, తిండి వేరు. అక్కడికి మనుషుల్ని పంపించే బాధ్యత సెక్రటరీగా అజరయ్యదే. హాలులో నిలబడి మీరు వెళ్లండి, మీరు వెళ్లండి అని పిలుపు ఇస్తూ ఉండగా, నేనెందుకు వెళ్లలేదనే ప్రశ్న ఏదో ఒకరోజు రాక తప్పదు. వచ్చింది. 1909లో వై.ఎం.సి.ఏ. పదవి వదిలేశాడు. గురువుగా అభిషేకం పొందాడు. భార్యనూ పిల్లల్నీ వెంటబెట్టుకుని డోర్నకల్‌లో దిగాడు. ముప్ఫై అయిదో ఏట అ ఆ ల దగ్గర మొదలుపెట్టి తెలుగు నేర్చుకున్నాడు. దేశంలోని ప్రతి పెద్ద కాలేజీలో పేరు తెలిసిన మనిషి, చదువురాని కూలివాళ్ల ముందు తప్పుల తడక తెలుగులో నోరు తెరవడం ఎంత కష్టమో ఊహించండి.

మర్నాటి సంవత్సరమే ఎడింబరో పిలుపు వచ్చింది. ప్రపంచ మిషనరీ మహాసభ. అధ్యక్షుడు జాన్ మాట్. సుమారు 1,200 మంది ప్రతినిధులు. వారిలో ఆసియా వాసులు ఇరవై మంది కూడా లేరు. ఏ దేశాలలో పని గురించి సభ జరుగుతున్నదో ఆ దేశాలవారు చేతివేళ్ల మీద లెక్కపెట్టేంత మంది. విదేశీ మిషనరీలకూ స్వదేశీ కార్యకర్తలకూ మధ్య సహకారం అన్నది అజరయ్యకు ఇచ్చిన విషయం. మర్యాదగా నాలుగు మాటలు చెప్పి కూర్చుంటే అందరూ చప్పట్లు కొట్టేవారు.

ఆయన దాచుకోకుండా చెప్పేశాడు. ఇండియాలో మిషనరీకీ, అతని కింద పనిచేసే భారతీయుడికీ మధ్య సంబంధం యజమాని, నౌకరు సంబంధంలా ఉందన్నాడు. ఏళ్ల తరబడి ఒకే ఊళ్లో పనిచేస్తూ కూడా ఒకరి ఇంటికి ఒకరు వెళ్లని పరిస్థితి ఉందన్నాడు. తాను కోరేది కుర్చీ వెయ్యడం, చెయ్యి కలపడం, టీకి పిలవడం మాత్రమే కాదనీ, వాటి వెనక ఉండవలసిన మనసు అనీ వివరించాడు. చివరకు వందన సమర్పణ చేశాడు. మీరు మా కోసం ఇళ్లూ వాకిళ్లూ వదిలారు, ఆస్తులు ధారపోశారు, ప్రాణాలు ఇచ్చారు, తరతరాలుగా మా జనం మీకు కృతజ్ఞులై ఉంటారు అన్న భావం చెప్పి, ఇన్ని ఇచ్చిన మీరు ఇంకా ఇవ్వనిది ఒకటుంది, స్నేహం, అది ఇవ్వండి అని అడిగాడు.

ఇది కృతఘ్నత అన్నవాళ్లున్నారు. అన్నం పెట్టిన చేతిని తప్పుపట్టడమేమిటని నొచ్చుకున్నవాళ్లున్నారు. నిజానికి కృతజ్ఞత ఉన్నవాడే అట్లా అడగగలడు. కసి ఉన్నవాడు తిట్టి పోతాడు. భయం ఉన్నవాడు పొగిడి కూర్చుంటాడు. నువ్వు ఇచ్చినది విలువైనదని నమ్మినవాడు, నీ దగ్గర ఇంతకన్న మంచిది కూడా ఉందని నమ్మినవాడు మాత్రమే, ఎదురుగా నిలబడి, అది కూడా తీసుకురమ్మంటాడు. దాతకూ గ్రహీతకూ మధ్య స్నేహం లేకపోతే ధన్యవాదం బానిస దండమయిపోతుంది. హాస్టల్లో ఉచిత భోజనం తింటున్న కుర్రవాడికి, స్కాలర్‌షిప్ కాగితం మీద సంతకం కోసం ఆఫీసు గుమ్మం దగ్గర నిలబడ్డ కుర్రవాడికి ఈ సంగతి వేరే ఎవరూ చెప్పనక్కరలేదు.

రెండేళ్లు గడిచాయి. మద్రాసు బిషప్ హెన్రీ వైట్‌హెడ్ పట్టుదల వల్ల, 1912 డిసెంబరు 29న కలకత్తా సెయింట్ పాల్స్ కతీడ్రల్‌లో అజరయ్య గారికి బిషప్ అభిషేకం జరిగింది. వయస్సు ముప్ఫై ఎనిమిది. వ్యతిరేకత రెండు వైపుల నుంచీ వచ్చింది. భారతీయుడి చేతికింద ఇంగ్లీషువాళ్లు పనిచేస్తారా అన్నది ఒక వైపు. నాడార్ కులస్థుడు బిషప్ ఏమిటన్నది రెండో వైపు. ఈ రెండో మాట అన్నవాళ్లు స్వయంగా క్రైస్తవులే, తమిళులే. బడిలో చెరిపిన గీత ఇంకా చెరగలేదన్న మాట. ఆయన ఎవరికీ జవాబు చెప్పలేదు. కొన్నేళ్లకు కృష్ణా, గోదావరి మండలాల్లోని మిషన్ ప్రాంతాలు కూడా డోర్నకల్ అధ్యక్ష మండలంలో చేరినప్పుడు ఇంగ్లీషు మిషనరీలు ఆయన కింద పనిచేశారు. అదే జవాబు.

ఇక్కడి నుంచి కథ మనది. ముప్ఫై రెండేళ్లు బిషప్‌గా ఆయన తెలుగు పల్లెల్లో తిరిగాడు. సంఘంలో ఎక్కువమంది మాల, మాదిగ కుటుంబాలవారు. పాలేర్లు, వ్యవసాయ కూలీలు. ఊరికి దూరంగా గుడిసెలు, అప్పులు, ఆకలి, ఆకలితోపాటు అవమానం. వారిలో వారికి కూడా ఒకరితో ఒకరు కలిసి తినే అలవాటు లేదు. ఇలాంటి చోట ఒక బిషప్ ఏమి చేస్తాడని అనుకుంటాం? విదేశాల నుంచి ఇంకా డబ్బు తెప్పించి పంచిపెడతాడనుకుంటాం. అజరయ్య గారు అందుకు విరుద్ధంగా వాళ్లనే ఇమ్మన్నాడు.

వినడానికి ఇది అన్యాయంగా ఉంటుంది. పూట గడవనివాడి దగ్గర కానుక ఏమిటి? ఆయన ఆలోచన వేరు. ఎప్పుడూ పుచ్చుకునేవాడు ఎప్పుడూ కిందనే ఉంటాడు. ఇచ్చే హక్కు లేనివాడు సంఘంలో సభ్యుడు కాడు, ముష్టివాడు. బియ్యం పొయ్యిమీద పెట్టేముందు ఇల్లాలు ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేస్తే, వారం తిరిగేసరికి ఆ కుండ గుడికి వస్తుంది. కోత పండుగ వచ్చిందంటే గుడి ముందు జాతర. ఒకరు మానెడు జొన్నలు, ఒకరు గుమ్మడికాయ, ఒకరు కోడి, ఒకరు గంప నెత్తిన పెట్టుకుని పాటలు పాడుకుంటూ వస్తారు. దేవుడికి ఇచ్చిన ఆ వస్తువుల్ని అక్కడే వేలం వేస్తారు. వేలంపాటలో నవ్వులు, కేకలు. తెలుగు క్రైస్తవ పల్లెల్లో ఈ పండుగ ఈనాటికీ ఉంది, చూసినవారికి తెలుసు. ఆ రోజున కోడిని పట్టుకొచ్చిన ముసలమ్మ ఎవరి దగ్గరా చెయ్యి చాపడం లేదు. ఆమె ఇస్తున్నది. ఏడాదికొకనాడైనా ఆమె దాత. ఎడింబరోలో చదువుకున్న దొరలకు చెప్పిన పాఠాన్నే ఆయన డోర్నకల్‌లో చదువురాని కూలీలకు మరోవైపు నుంచి చెప్పాడు. దొరలతో, ఇస్తే చాలదు, స్నేహితులు కండి అన్నాడు. పేదలతో, పుచ్చుకుంటే చాలదు, ఇచ్చేవాళ్లు కండి అన్నాడు. ఇద్దరూ ఒకే బంతిలో కూర్చోవాలంటే ఇద్దరూ కదలాలి కదా. క్రైస్తవ దాతృత్వం మీద ఆయన చివరి కాలంలో ఇంగ్లీషులో ఒక పుస్తకమే రాశాడు.

ఇచ్చిన గింజలతో ఏం చేశారంటారా? పల్లె బడి పంతులుకు జీతం, గుడికి తాటాకు కప్పు, వేరే ఊరికి ఉపదేశి. డోర్నకల్‌లో గురువులకు శిక్షణ ఇచ్చే పాఠశాల పెట్టారు. చదువుకునేవాళ్లు కుటుంబాలతో వచ్చి ఉండేవారు. అక్కడ అన్బు అమ్మగారు వారి భార్యలకు చదువు చెప్పడం, శుభ్రత, పిల్లల పెంపకం నేర్పించడం తన పనిగా పెట్టుకున్నారు. మొగుడొక్కడు మారితే ఇల్లు మారదని ఆమెకు తెలుసు. తెలుగు కీర్తనలు, భజనలు, కోలాటం గుళ్లోకి వచ్చాయి. మాల ఇంటి పిల్లవాడూ, మాదిగ ఇంటి పిల్లవాడూ ఒక బోర్డింగులో, ఒక పంక్తిలో అన్నం తినడం నేర్చుకున్నారు. ఇది తేలికగా జరిగిందని కాదు. అలకలు, తగాదాలు, విడిపోవడాలు అయ్యాయి. ఇప్పటికీ పూర్తి కాలేదని నిజాయితీగా ఒప్పుకోవాలి. అయినా పల్లెల్లో వచ్చిన మార్పు చూసి, ఆ తరువాతి సంవత్సరాల్లో ఇతర కులాలవాళ్లు కూడా వేలాదిగా సంఘంలో చేరారు. అంటరానివాళ్ల బతుకు చూసి ఊరు నేర్చుకోవడం ఎక్కడైనా విన్నామా?

డోర్నకల్ కతీడ్రల్ చూడనివాళ్లు ఒకసారి చూసి రావాలి. ఏళ్ల తరబడి, డబ్బు వచ్చినప్పుడల్లా కాస్త కాస్త కడుతూ వచ్చి, 1939 జనవరి 6న ప్రతిష్ఠించారు. మసీదును తలపించే గుమ్మటాలు, దేవాలయాన్ని తలపించే రాతి స్తంభాలు, స్తంభాల మీద తామరలు. నిజాం రాష్ట్రంలో, తెలుగు నేల మీద, తమిళుడు కట్టించిన క్రైస్తవ మందిరం అట్లా ఉండక ఇంకెట్లా ఉంటుంది? అన్నిటికీ ఋణపడ్డానని రాళ్లతో రాసుకున్నట్టుంటుంది.

అజరయ్య గారిలో లోపాలు లేవని చెప్పి ఆయన్ని పటానికి ఎక్కించడం నా ఉద్దేశం కాదు. ఆయన కాంగ్రెసు ఉద్యమంలో చేరలేదు. బ్రిటిష్ పాలన మీద ఆయనకున్న సద్భావం జాతీయవాదులకు నచ్చలేదు. మతం మారడం అనే విషయంలో 1930ల్లో గాంధీజీకీ ఆయనకూ మధ్య తీవ్రమైన అభిప్రాయ భేదం వచ్చింది. దళితులు మతం మారడం వాళ్ల సొంత బుద్ధితోనే చేస్తున్నారనీ, వాళ్లకు ఆ బుద్ధి లేదనడం వాళ్లను తక్కువ చేయడమేననీ ఆయన వాదం. ఎవరిది ఒప్పు అన్న చర్చ నేటికీ తెగలేదు. అయితే ఇంకో సంగతి కూడా చెప్పాలి. క్రైస్తవులకు వేరే నియోజకవర్గాలు కావాలా అన్న ప్రశ్న వచ్చినప్పుడు వద్దన్న క్రైస్తవ నాయకుల్లో ఆయనొకడు. దేశం నుంచి విడిగా కూర్చుని రాయితీలు పుచ్చుకోవడం ఆయనకు ఇష్టం లేదు. పుచ్చుకుని విడిగా ఉండడం కన్న, ఇచ్చి కలిసి ఉండడం మేలనే ఆ పాత పాఠమే ఇక్కడా పనిచేసింది.

కలిసి ఉండడమంటే ఆయనకు ఎంత ప్రాణమో ఇంకో పనిలో తెలుస్తుంది. ఇంగ్లండులో ఎప్పుడో జరిగిన తగాదాల మూలంగా క్రైస్తవులు ఆంగ్లికన్, మెథడిస్టు, ప్రెస్బిటేరియన్ అని విడిపోయారు. ఆ తగాదాలతో ఖమ్మం పల్లెలో కూలివాడికి ఏమి సంబంధం? 1919 మే నెలలో తరంగంబాడిలో ముప్ఫై ముగ్గురు కూర్చుని ఐక్యత గురించి ఒక ప్రకటన చేశారు. వారిలో ఇద్దరు తప్ప అందరూ భారతీయులే. ముఖ్యుల్లో అజరయ్య ఒకడు. దాని ఫలితమైన దక్షిణ ఇండియా సంఘం పుట్టడానికి ఇరవై ఎనిమిదేళ్లు పట్టింది. ఆ పుట్టుక చూడ్డానికి ఆయన లేడు.

పోయే ముందు ఒక్క దృశ్యం మాత్రం చూశాడు. 1938 డిసెంబరులో మళ్లీ ఒక ప్రపంచ మిషనరీ మహాసభ జరిగింది. ఈసారి ఎడింబరోలో కాదు, తాంబరంలో, మద్రాసు క్రిస్టియన్ కాలేజీ కొత్త ఆవరణలో. ఆయన జబ్బుపడి డిగ్రీ పోగొట్టుకున్న ఆ కాలేజీయే. అధ్యక్షుడు ఈసారి కూడా జాన్ మాట్, ఒకనాడు విద్యార్థుల్ని వెతుక్కుంటూ వచ్చిన ఆ మనిషే. జాతీయ క్రైస్తవ సమాజం అధ్యక్షుడి హోదాలో అజరయ్య గారు ఆతిథ్యమిచ్చే పెద్ద. ఎడింబరోలో ఇరవై మందికి తక్కువగా ఉన్న ఆసియావారు, ఆఫ్రికావారితో, ఇతర కొత్త సంఘాలవారితో కలిసి ఈసారి దాదాపు సగం హాలు నిండా కూర్చున్నారు. ఒకప్పుడు అతిథిగా వెళ్లి స్నేహం అడిగినవాడు, ఇరవై ఎనిమిదేళ్ల తరువాత తన ఇంట్లో, తన కాలేజీలో, దొరలకు తానే బల్ల వేసి వడ్డించాడు. ఇంతకన్న మంచి వందన సమర్పణ ఏముంటుంది?

1945 జనవరి 1న, డెబ్బయ్యో ఏట, అజరయ్య గారు డోర్నకల్‌లో కన్నుమూశారు. తాను కట్టించిన కతీడ్రల్ ఆవరణలోనే సమాధి. తిరునల్వేలి మట్టిలో పుట్టినవాడు తెలంగాణ మట్టిలో కలిసిపోయాడు. 1947 సెప్టెంబరు 27న, దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన ఆరు వారాలకు, మద్రాసులో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడింది.

ఆయన మతం మనందరిదీ కాకపోవచ్చు. ఈ సంచిక చదివేవారిలో అన్ని మతాలవారూ, ఏ మతమూ లేనివారూ ఉన్నారు. కాని కాలేజీ అనే ఈ సహవాసం మనందరిదీ. మనం ఇక్కడ కూర్చుని చదువుకోవడానికి ఎవరెవరు ఎంతెంత ఇచ్చారో లెక్క వేస్తే తేలదు. పొలం తాకట్టు పెట్టిన నాన్న ఉన్నాడు, వంటపొగలో కళ్లు పోగొట్టుకున్న మెస్సు అవ్వ ఉంది, మన ముఖం ఎన్నడూ చూడని పన్ను కట్టేవాళ్లున్నారు. వాళ్లకు తిరిగి ఇచ్చెయ్యడం మన తరం కాదు. అజరయ్య గారు చేసినట్టు, మనకేమీ ఇవ్వని ఇంకొకరి దగ్గరకు వెళ్లడం మాత్రం మన చేతుల్లో ఉంది.

ఇక చివరి మాట. ఈ ఏడాది వార్షికోత్సవంలో సెక్రటరీ గారు వందన సమర్పణకు లేచినప్పుడు తలుపు వైపు నడవకండి. కాసేపు ఆగండి. సభ అయ్యాక కుర్చీలు సర్దడానికి మిగిలిపోయే ఆ నలుగురి పేర్లేమిటో అడగండి. వాళ్లతోపాటు నాలుగు కుర్చీలు మొయ్యండి. పని అయ్యాక అదే కుర్చీల్లో వాళ్లను కూర్చోబెట్టి, పక్కన మీరూ కూర్చోండి.